అన్నీ అందే గది

సెలవులు ఇంకా ముగియకముందే మా వదినకి బడి పూనుతుంది. మిగతా టీచర్లమంతా చివరి రోజు దాకా ఇంట్లో కాళ్లు బారజాపుకుని కూర్చుంటే, ఆవిడ మాత్రం హెడ్ మేడమ్ వెంటపడి కేజీ గది తాళంచెవి సంపాదించి, చీపురూ బకెట్టూ పట్టుకుని బయల్దేరుతుంది. ఆవిడ వెనకాల మా అన్నయ్య. బస్సు డిపోలో మెకానిక్కు. ఇంజిన్లు విప్పి బిగించే మనిషి, ఆ వారమంతా భార్య చూపించిన చోట మేకులు కొడుతూ, ఆవిడే మళ్లీ వద్దంటే పీకుతూ ఉంటాడు. ఆ వెనకాల నేను. నేను అదే బడిలో ఒకటో తరగతి టీచర్ని. కేజీ గదికీ నా గదికీ మధ్య ఒక్క గోడే అడ్డం. ఆడపడుచుని కాబట్టి న్యాయంగా నేను వదినకి పనులు పురమాయించాలి. మా ఇంట్లో ఆ మర్యాద తలకిందులైంది.

మా అమ్మకి ఈ వ్యవహారమంటే ఒళ్లుమంట. ఇంట్లో ఒక ఖాళీ డబ్బా నిలవదు, ఒక పాత దుప్పటి నిలవదు, మూత ఉన్న సీసా అసలే నిలవదు. "గరిటె కనిపించకపోతే వంటింట్లో వెతక్కండి, మా కోడలి బడికెళ్లి చూడండి" అని ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెప్తుంది. ఆ మాటలో వెటకారం ఎంతుందో గొప్పా అంతే ఉంది. గరిటె నిజంగానే అక్కడ ఉంది, పిల్లల ఇసుక తొట్టెలో.

గది సర్దడంలో మా వదినకి ఒకటే పట్టుదల. పిల్లలు ఏ వస్తువు కోసమూ ఎవర్నీ అడగకూడదు. ఆవిడ దగ్గర ఒక కర్ర ఉంది. క్లాసులో అందరికంటే పొట్టి పిల్ల చెయ్యెత్తితే ఎంత ఎత్తు అందుతుందో అంతకి అన్నయ్య చేత కోయించింది. గదిలో ఏ అరా ఆ కర్రని దాటి పైకి పోకూడదు. కత్తెరలు, జిగురు సీసాలు, రంగుల డబ్బా, తుడుచుకునే గుడ్డలు, మంచినీళ్ల గ్లాసులు, అన్నీ కిందే. ఏ వస్తువు పెట్టే చోట ఆ వస్తువు చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి రంగు వేస్తుంది. కత్తెర తీస్తే దాని కింద కత్తెర ఆకారమే ఉంటుంది. ఇంక తీసింది మళ్లీ ఎక్కడ పెట్టాలని చదువు రాని పిల్ల కూడా అడగాల్సిన పనిలేదు.

బల్లలు వేయడానికీ ఆవిడకో లెక్క ఉంది. గది మధ్యలో పొడుగ్గా దారి వదిలితే పిల్లలు పరుగు పందెం పెట్టేస్తారని బల్లలన్నీ అడ్డదిడ్డంగా వేయిస్తుంది. చెక్క దిమ్మలు కూలిపోయే మూల ఒకవైపు, పుస్తకాల మూల దానికి ఎదురుగా దూరంగా. ఇసుక తొట్టె గుమ్మం పక్కనే, చిమ్మితే ఇసుక బయటికే పోయేలా. మధ్యలో తివాచీ. దానిమీదికి చెప్పులతో ఎవరూ రాకూడదు, హెడ్ మేడమ్ అయినా సరే. ఆ రూలు హెడ్ మేడమ్‌కి ఎవరూ చెప్పలేదనుకోండి, అది వేరే సంగతి.

"ఇంత అవసరమా వదినా? సుద్దముక్క కావాలంటే అడుగుతారు, ఇస్తాం. అక్కడితో అయిపోతుంది" అన్నాను ఒకసారి. నా క్లాసులో అంతే మరి. బల్లలు వరసగా ఉంటాయి, సుద్దముక్కలు నా సొరుగులో ఉంటాయి.

"నీకేం తెలుసు" అంది వదిన మేకు నోట్లోంచి తీసి. "నా చిన్నప్పుడు మా బడిలో పలకలూ సుద్దముక్కలూ అన్నీ టీచరు బీరువాలో ఉండేవి. తాళం. అడిగితే, 'ఏం, నిన్న ఇచ్చింది తినేశావా?' అనేది. క్లాసంతా నవ్వేది. ఏడాదంతా నేను అడగలేదు. బొమ్మలు గీసే పీరియడులో చేతులు కట్టుకుని కూర్చునేదాన్ని. అది చూసి, 'ఎంత బుద్ధిమంతురాలో' అని మెచ్చుకునేది కూడా."

ఆ మాట చెప్పి మళ్లీ మేకు నోట్లో పెట్టుకుంది. నేను బల్ల రెండో కొస పట్టుకున్నాను. అంతకంటే ఏం చేస్తాం.

చదువు రాని పిల్లలకి తలో బొమ్మ ఇవ్వడం కూడా ఆవిడ పద్ధతే. గొడుగు, చేప, చెంచా, తాళంకప్ప, గుండీ, ఇలా ఎవరి బొమ్మ వాళ్లది. గోడకి కొక్కేలు కొట్టి అట్టముక్కలు తగిలిస్తుంది. పొద్దున్నే వచ్చిన పిల్ల తన అట్ట తిప్పి పెడితే హాజరు పడ్డట్టే. ఒక ఏడాది ఒకడికి ఉల్లిపాయ వచ్చింది. "మా వంశంలో ఎవర్నీ ఉల్లిపాయ అనలేదండీ" అని వాళ్ల నాన్న బడికొచ్చి గొడవ పెట్టుకున్నాడు. మర్నాటికి ఆ ఉల్లిపాయకి దారం కట్టి బుడగ చేసేసింది మా వదిన. ఆ దెబ్బతో మాకు పిల్లల అసలు పేర్ల కంటే బొమ్మల పేర్లే నోట్లో నానుతుంటాయి.

గుండీ అలా పేరొచ్చిన పిల్లే. బొద్దుగా, రెండు జడలతో, ఎప్పుడూ ఇస్త్రీ నలగని బట్టల్లో ఉండేది. ఇస్త్రీ ఎందుకు నలుగుతుంది, వాళ్ల అమ్మమ్మ పనిచేసేదే లాండ్రీలో. తల్లికి వేరే ఊళ్లో ఉద్యోగం. వారానికోసారి వచ్చి పోతుంది. అమ్మమ్మే పొద్దున పిల్లని మా గేటు దగ్గర దింపి, అట్నుంచటే ఎదురు వీధిలో లాండ్రీకి వెళ్లి, సాయంత్రం వచ్చి తీసుకుపోయేది.

మా వదినకి ఆ పిల్ల ప్రాణం. వచ్చిన వారానికే గదంతా ఆకళింపు చేసుకుంది. కత్తెర కావాలంటే తీసుకునేది, పని కాగానే గీత మీద గీత పడేలా పెట్టేసేది. ఇంకెవరైనా వంకరగా పెడితే వెళ్లి సరిచేసి వచ్చేది. "గదిని ఎలా వాడుకోవాలో గుండీని చూసి నేర్చుకోవాలి. ఒక్కసారి నన్ను పిలవదు, ఒక్కటి అడగదు" అని భోజనాల దగ్గర రోజూ ఇదే పాట. "అయితే దాన్నే టీచర్ని చేసి నువ్వు ఇంట్లో ఉండు, నా గరిటెలన్నా మిగుల్తాయి" అనేది మా అమ్మ.

చలి మొదలయ్యాక వదినకి జ్వరం తగిలింది. రెండు గదులూ నా నెత్తిన పడ్డాయి. మధ్య తలుపు తీసిపెట్టి అటూ ఇటూ తిరుగుతూ, అట్టముక్కల సంగతి నాకెందుకని నా అలవాటు ప్రకారం హాజరు పిలిచాను. గొడుగు పలికాడు. చేప పలికింది. గుండీ అన్నాను. జవాబు లేదు. మళ్లీ అన్నాను. ఆ పిల్ల నా ఎదురుగానే నిలబడి, గోడమీద తిప్పి ఉన్న తన అట్టని చూపించింది.

"నోటితో చెప్పమ్మా" అన్నాను.

"అది మాట్లాడదు టీచర్" అన్నాడు గొడుగు, బయట ఎండగా ఉంది అన్నంత మామూలుగా.

"ఎప్పట్నుంచి?"

"ఎప్పుడూ అంతే" అన్నారు నలుగురైదుగురు ఒక్కసారే. పిల్లలందరికీ తెలుసు. తెలియంది మాకే.

సాయంత్రం ఇంటికెళ్లి వదిన మంచం పక్కన కూర్చుని చెప్పాను. "ఛ, ఎందుకు మాట్లాడదు? మొన్ననే కదా నాతో..." అని ఆగిపోయింది. మొన్న ఏమందో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. అటు మొన్న ఏమందో చూసుకుంది. ఎంత వెనక్కి పోయినా ఒక్క మాటా దొరకలేదు. ఆవిడ మొహం చూడలేక థర్మామీటరు కోసం లేచాను.

మర్నాడు అమ్మమ్మని అడిగితే ఆవిడ నవ్వేసింది. "మా పిల్లా? మాట్లాడకపోవడమా? ఇంట్లో చెవులు చిల్లులు పడేలా వాగుద్దమ్మా. మడత తప్పితే నన్నే కేకలేస్తది." తర్వాత మేం నవ్వడం లేదని చూసి ఆవిడా ఆపేసింది. "బడిలో అసలు పెదవి విప్పట్లేదా?" అంది చిన్నగా.

సంగతి హెడ్ మేడమ్ దాకా పోయింది. పోకుండా ఎలా ఉంటుంది, చెప్పింది నేనే. ఏడాది చివర కేజీ పిల్లల్ని ఒకటో తరగతిలోకి తీసుకునే ముందు మా బడిలో నోటిపరీక్ష ఉంటుంది. హెడ్ మేడమ్, నేనూ కూర్చుని నాలుగు ప్రశ్నలు అడుగుతాం. పిల్ల పేరు చెప్పాలి, రంగు చెప్పాలి, ఒక బొమ్మ చూసి రెండు మాటలు చెప్పాలి. చెప్పలేకపోతే పైకి రానివ్వరు. ఊరికి ఆ చివర మాట రాని పిల్లల బడి ఒకటుంది, అక్కడికి రాసి పంపుతారు.

"అంత దూరం నేను దింపి రాలేనమ్మా" అంది అమ్మమ్మ. "లాండ్రీ వాళ్లు ఒప్పుకోరు. ఇంట్లో ఉంచుకుంటా. ఇస్త్రీబల్ల కింద కూర్చుని ఆడుకుంటది."

మాటలొచ్చిన పిల్ల, మాటలు రావని ఇస్త్రీబల్ల కిందికి పోవడం. వినడానికే అన్యాయంగా ఉంది. కానీ హెడ్ మేడమ్ మాట కూడా కొట్టిపారేయలేం. "ఇంట్లో మాట్లాడుతుందంటే మనకేం సాక్ష్యం? రేపు కడుపునొప్పి వస్తే ఎలా చెప్తుంది?" అంది ఆవిడ. నా క్లాసులో బల్లకి ముగ్గురేసి పిల్లలు. నోరు విప్పని పిల్ల నా కంట పడకుండా ఏడాది గడిచిపోగలదు. ఆ భయం నాకూ ఉంది.

వదిన జ్వరం తగ్గీ తగ్గకముందే బడికొచ్చింది. ఆ పిల్లని పలికించడానికి ఆవిడ చేయని విద్య లేదు. చేతికి మేజోడు తొడిగి, దాన్ని బొమ్మలా ఆడిస్తూ పలకరించింది. ఫోను ఆట ఆడింది. పాటలో చివరి మాట వదిలేసి అందుకుంటుందేమోనని చూసింది. ఎవరైనా తనవైపే చూస్తున్నారని తెలిస్తే చాలు, గుండీ బిగుసుకుపోయేది. అడిగిన కొద్దీ పెదాలు లోపలికి మడుచుకునేది. బెదిరించని మనిషి ముందు కూడా భయపడుతోందని వదినకి ఒకటే దిగులు. ఇంట్లో అన్నం కెలుకుతూ కూర్చునేది. మా అమ్మ వెటకారాలు మానేసింది. దాన్నిబట్టి ఇంటి పరిస్థితి అర్థం చేసుకోవచ్చు.

ఒకరోజు మధ్యాహ్నం నేను ఏదో పనిమీద కేజీ గదికి వెళితే వదిన గుమ్మంలోనే నా చెయ్యి పట్టి ఆపింది. గుండీ ఆడుకుంటున్న బంతి అరల వెనక పడిపోయింది. పిల్ల వంగి చూసింది. చెయ్యి పెట్టింది, అందలేదు. లేచి చుట్టూ చూసింది. అటు తిరిగి ఉన్న చేప దగ్గరికి వెళ్లి నిలబడింది. నోరు తెరిచింది. అంతలో దాని చూపు మూలనున్న కొక్కెం కర్ర మీద పడింది. వెనక పడ్డ వస్తువులు లాక్కోవడానికని వదినే అన్నయ్య చేత చేయించి అక్కడ పెట్టిన కర్ర అది. పిల్ల నోరు మూసుకుని, కర్ర తెచ్చి, బంతి లాక్కుని, కర్రని గీతమీద పెట్టేసింది.

"చూశావా?" అంది వదిన. "మాట నోటిదాకా వచ్చింది. నా కర్ర దాన్ని వెనక్కి నెట్టేసింది. ఈ గదిలో దానికి మనిషితో పనిలేకుండా చేశాను కదే."

"ఏం మాటలవి? నువ్వేం చేశావు?"

"నేనే చేశాను. నన్నెవరూ అడగక్కర్లేదని ఇన్నేళ్లూ మురిసిపోయాను."

ఆ ఆదివారం అన్నయ్యని వెంటేసుకుని వెళ్లి, ఇన్నేళ్లూ కట్టుకున్న గదిని వదిన తన చేత్తోనే చెరిపేసింది. కొక్కెం కర్ర ఆఫీసు గదికి పోయింది. జిగురు సీసాల మూతలు అన్నయ్య డిపో బలంతో బిగించాడు. బల్లకో కత్తెరే మిగిలింది. బొమ్మ అతికించే ముక్కలు ఈ బల్లవి ఆ బల్లకీ, ఆ బల్లవి ఈ బల్లకీ పోయాయి. గోడవారనున్న ఇనప బీరువా నెత్తిమీదికి రంగుల డబ్బా ఎక్కింది. మంచినీళ్లు మాత్రం కదపలేదు. "దాహానికి పరీక్ష పెట్టను" అంది. అరల మీద గీతలు అలాగే ఉన్నాయి, వాటిలో వస్తువులే లేవు. దొంగలు పడ్డ ఇల్లులా ఉంది గది. అన్నయ్య మారు మాట్లాడకుండా మూతలు బిగించాడు గానీ, బయటికొచ్చాక, "దీని బదులు ఇంజిను దింపమన్నా దింపేవాణ్ణి" అన్నాడు నాతో.

సోమవారం నుంచి ఆ గది సంతే. "టీచర్, మూత రావట్లేదు", "టీచర్, మా ముక్క వాళ్ల దగ్గరుంది", "టీచర్, రంగులు". గోడ ఇవతల నా పిల్లలకి కూడికలు చెప్పడం నా వల్ల కాలేదు. అడిగినవాడికి వదిన ఒక్క క్షణం ఆలస్యం చేసేది కాదు. రంగుల కోసం ఎవరొచ్చినా డబ్బా దించి ఇచ్చేదీ కాదు. పిల్లనే రెండు చేతులతో పైకెత్తేది, కావాల్సిన రంగు వాళ్లే ఏరుకునేవాళ్లు. "నా ముందు ఎవరూ చెయ్యి చాపకూడదు, వాళ్ల వస్తువు వాళ్లే తీసుకోవాలి" అని. అసలే పొట్టి మనిషి, మునివేళ్ల మీద నిలబడితే గానీ పిల్లల చేతులు డబ్బాలో పడవు. ఇంటికొచ్చేసరికి నడుం పట్టేసేది. పిల్లలకి మాత్రం అది పెద్ద ఆటైంది. రంగు అవసరం లేనివాళ్లు కూడా వరస కట్టారు.

ఒక్క గుండీ తప్ప. గుండీ ఏదీ అడగలేదు. జిగురు మూత రాకపోతే జిగురు మానేసింది. కత్తెర దొరక్కపోతే కాగితం చేత్తో చింపుకుంది. రంగులేసే వేళ తెల్ల కాగితం ముందు పెట్టుకుని, చేతులు కట్టుకుని, బీరువా వైపు చూస్తూ కూర్చునేది. ఒకడి తర్వాత ఒకణ్ణి వదిన పైకెత్తడం, దించడం చూస్తూ ఉండేది. రోజులు గడిచాయి. నోటిపరీక్ష వచ్చే సోమవారమే అని హెడ్ మేడమ్ నోటీసు పెట్టింది.

శుక్రవారం పొద్దున వదిన నా గదిలోకి వచ్చి కుర్చీలో కూలబడింది. "చేతులు కట్టుకుని కూర్చుంటోందే. అచ్చం నాలాగే. ఆ టీచరు నన్ను కూర్చోబెట్టినట్టే నేను దాన్ని కూర్చోబెట్టాను" అని ఏడ్చేసింది. నా పిల్లలంతా పలకలు ఆపి చూస్తున్నారు.

నాకు ఏడ్చేవాళ్లని చూస్తే కోపం వస్తుంది, వాళ్లమీద ప్రేమ ఉంటే మరీను. "ఇంక ఆపు వదినా. వెళ్లి గది మళ్లీ సర్దెయ్. పరీక్షలో ఉండేది నేనే కదా? గుసగుసగా చెప్పింది, నాకు వినిపించిందని చెప్పేస్తా. హెడ్ మేడమ్‌కి ఎటూ ఒక చెవి మందం" అన్నాను.

"నువ్వు తీసుకుంటావు. సరే. తర్వాత రెండో తరగతి టీచరుకి కూడా చెవి మందమా?"

వదిన మొహం తుడుచుకుని వెళ్లిపోయింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక పక్కగదిలోంచి ఏదో కూలిన చప్పుడైంది. విసురుగా వెళ్లాను. పిల్లలంతా ఆయాతో బయట ఆడుకుంటున్నారు. వదిన ఒక్కతే నేలమీద కూర్చుని ఉంది. సర్దేద్దామని, వస్తువులు తీసి దాచిన అట్టపెట్టెలన్నీ ముందు వేసుకుంది, వాటిలో పెద్దది బోర్లా పడి దిమ్మలూ కత్తెరలూ ముక్కలూ తివాచీ నిండా చెల్లాచెదురయ్యాయి. ఆ చప్పుడుకే కాబోలు, గుండీ కూడా వరండాలోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. చెప్పులు విప్పి పక్కన పెట్టింది. లోపలికొచ్చి వదిన ఎదురుగా నిలబడి, ఆ చెత్తకుప్పనీ, ఖాళీ అరల్నీ, వదిననీ చూసింది.

"టీచర్, ఎందుకు ఇలా పాడు చేశారు?"

గొంతు ఆ ఒంటికి పెద్దదే. కాస్త బొంగురుగా, నిలదీస్తున్నట్టుగా ఉంది. ఎవరు మాట్లాడారా అని నేను వెనక్కి తిరిగి చూశాను కూడా.

నాకు ఒకటే భయం, ఎక్కడ ఈవిడ ఏడ్చో, ముద్దులు పెట్టో పిల్లని బెదరగొట్టేస్తుందేమోనని. ఇన్నేళ్ల అనుభవం ఊరికే పోదు. వదిన పిల్లవైపు చూడనుకూడా లేదు. చేతిలో దిమ్మలు ఏరుకుంటూ, "తప్పైపోయిందమ్మా. ఇప్పుడు ఏది ఎక్కడుండాలో నాకు గుర్తు రావట్లేదు. నువ్వు చెప్తే సర్దేద్దాం" అంది. తన చేత్తో గీసిన గీతలు ఎదురుగా కనపడుతుండగా ఎంత చక్కగా అబద్ధమాడిందో.

గుండీ ఒక్క క్షణం ఆలోచించింది. "కత్తెర్లు అక్కడ."

"ఇక్కడా?"

"కాదు. కింద అరలో. మూతి అటు ఉండాలి."

"ఈ ముక్కలో?"

"అవి చేప వాళ్ల బల్లవి. ఇటివ్వండి, నేను పెడతా."

నేను గుమ్మానికి ఆనుకుని నిలబడిపోయాను. కళ్లలో నీళ్లు ఆగలేదు, ఆపుకోవాలని కూడా అనిపించలేదు. పిల్ల చెప్పడం, వదిన కావాలని తప్పుచోట పెట్టడం, పిల్ల కసురుకోవడం. ఇన్నాళ్లూ ఆ గది నిండా ఉన్న మాటలన్నీ ఆ పిల్ల కడుపులోనే ఉన్నాయి. ఎక్కడ ఏముందో అంతా తెలుసు. దాన్ని ఎవరూ అడగలేదు, అంతే. మేం అడిగిందల్లా నీ పేరేంటి, ఇది ఏ రంగు అని. రెండూ మాకు తెలుసని దానికీ తెలుసు.

బయట ఆడుకునే పిల్లలు ఒక్కొక్కరే కిటికీల దగ్గర చేరారు. "గుండీ మాట్లాడుతోంది" అని గొడుగు వరండా అంతా చాటింపు వేసొచ్చాడు. ఆ గోలకి హెడ్ మేడమ్ గదిలోంచి లేచొచ్చింది. "ఏమిటీ సంత? రోజూ ఇదేనా మీ..." అంటూ సరాసరి లోపలికి నడిచి తివాచీ మీద కాలు పెట్టింది.

"చెప్పులు!" అంది గుండీ.

హెడ్ మేడమ్ ఆగిపోయింది. ఆవిణ్ణి ఆ బడిలో అలా ఆపినవాళ్లు లేరు. "ఏంటమ్మా?"

"తివాచీ మీద చెప్పులు వేసుకోకూడదు. గుమ్మం పక్కన విప్పాలి. నల్లవి కదా, ఆయా చెప్పులతో కలిసిపోతాయి, ఈ పక్కన పెట్టండి."

హెడ్ మేడమ్ నావైపు చూసింది. నేను కిటికీవైపు చూశాను. ఆవిడ వెనక్కి వెళ్లి, గోడ పట్టుకుని ఒక్కో చెప్పూ విప్పి, చెప్పిన చోట పెట్టి వచ్చింది. నోటిపరీక్ష లెక్కన చూస్తే, పిల్ల తన పేరు చెప్పలేదు గానీ రంగు చెప్పింది, చూసినదాని గురించి రెండు మాటలకి పైనే చెప్పింది. "సోమవారం ఈ అమ్మాయి రానక్కర్లేదు. నీ క్లాసులో వేసుకో" అంది నాతో. ఆ తర్వాత కాస్త తగ్గి, "ముందు బెంచీలో కూర్చోబెట్టకు, నిన్ను కూడా ఏదో ఒకటి అంటుంది" అని చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

నేను ఎదురు వీధిలో లాండ్రీకి ఆయాని పంపాను. అమ్మమ్మ చేతిలో ఎవరిదో చొక్కా ఉండగానే పరిగెత్తుకొచ్చింది. గుమ్మం అవతలే ఆగి, మనవరాలి గొంతు విని, ఆ చొక్కాతోనే కళ్లొత్తుకుంది. లోపలికి మాత్రం రాలేదు. "నన్ను చూస్తే ఆపేస్తదేమో, ఉండనీండి" అంది.

సాయంత్రం బెల్లు కొట్టే వేళకి గది మళ్లీ గదైంది. అరలన్నీ నిండాయి. గీత మీద గీత కూర్చుంది. చివరికి బీరువా మీద రంగుల డబ్బా ఒక్కటే మిగిలింది. వదిన కుర్చీ లాక్కుని ఎక్కబోయింది.

"అది వద్దు. అది పైనే ఉండాలి" అంది గుండీ.

"అక్కడెందుకే? అందదు కదా?"

"అందకపోతే మీరు ఎత్తుకుంటారు కదా."

వదిన కుర్చీ అవతలికి నెట్టేసింది. ఆ పిల్ల రెండు చేతులూ పైకి చాపి నిలబడింది. ఇన్ని రోజులూ క్లాసులో అందర్నీ ఎత్తిన చేతులు అప్పుడు మొదటిసారి దాన్ని ఎత్తుకున్నాయి. మునివేళ్ల మీద లేచి, నడుం నొప్పికి మొహం చిట్లించుకుంటూనే, బీరువా నెత్తి దాకా ఎత్తింది. పైన రంగుల డబ్బా మూత తీసే ఉంది. గుండీ అందులోకి చూస్తూ వదిన భుజంమీద చెయ్యేసుకుని కూర్చుంది. ఏ రంగు కావాలో తేల్చుకోవడానికి దానికేం తొందర లేదు.